19వ వారం నిండింది, బిడ్డ కదలిక ఇంకా తెలియలేదు. మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసింది?

సిరి_హనుమకొండ
అందరికీ నమస్తే. నాకిది మొదటి కాన్పు. 19 వారాలు నిండాయి కానీ కడుపులో బిడ్డ కదిలినట్టు నాకింకా ఏమీ తెలియడం లేదు. పొత్తికడుపులో అప్పుడప్పుడు బుడబుడమంటుంది. అది గ్యాసో, బిడ్డో చెప్పలేకపోతున్నాను. మా అత్తమ్మ రోజూ ప్రేమగానే "ఏమన్నా తెలుస్తుందా బిడ్డా" అని అడుగుతుంది. లేదని చెప్పిన ప్రతిసారీ నాకే గుబులుగా ఉంటోంది. మా తోడికోడలికి రెండో కాన్పులో నాలుగో నెలలోనే తెలిసిందట.

పోయిన వారం టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే అయిదో నెల స్కాన్) చేయించాం. తెర మీద బిడ్డ చేతులు, కాళ్లు ఆడిస్తూనే ఉంది. కళ్లారా చూస్తున్నాను, నా ఒంటికి మాత్రం ఏమీ తెలియలేదు. డాక్టరమ్మ అంతా బాగుందన్నారు. రిపోర్టులో "ప్లాసెంటా యాంటీరియర్" అని రాశారు. ఓపీలో జనం ఎక్కువగా ఉండటంతో అదేంటో అడగలేదు. దానివల్ల ఏమైనా ఇబ్బందా? మీకు మొదటిసారి ఎప్పుడు తెలిసిందో, ఎలా అనిపించిందో కొంచెం వివరంగా రాయండి, టెన్షన్ తగ్గుతుంది.

గోదావరి_కోడలు
సిరి గారూ, కంగారు పడకండి. మా పెద్దాడప్పుడు నాకు 21వ వారం నడుస్తుండగా తెలిసిందండి. చిన్నదాన్ని మాత్రం 17లోనే పట్టేశాను. రెండోసారి ఎక్కడ, ఎలా ఉంటుందో ఒంటికి ముందే తెలుసు కదా. మీ తోడికోడలిదీ అదే సంగతి. ఆవిడతో పోల్చుకోకండి.

లేబర్‌రూమ్_అక్క
సిరీ, నేను ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్‌నర్సుగా చేస్తున్నాను. ఓపీకి వచ్చే తొలిచూలు ఆడపిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. కాస్త పెద్దగా రాస్తాను, చదవండి.

బిడ్డ కదలడం 7, 8 వారాలకే మొదలవుతుంది. అప్పటికి పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, కాబట్టి స్కాన్‌లో కనిపించడమే తప్ప తల్లికి తెలియదు. 16 వారాలకు బరువు 100 గ్రాములకు అటూ ఇటూ, 20 వారాలకు సుమారు 300 గ్రాములు. చుట్టూ ఉమ్మనీరు, ఆపైన గర్భసంచి గోడ. అంత చిన్న కాలు ఇవన్నీ దాటి మీకు తెలిసేలా తన్నాలంటే కొంత బలం రావాలి. తొలి కాన్పులో చాలామందికి 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది. 22 దాటాక తెలిసేవాళ్లూ ఉన్నారు. రెండో కాన్పు నుంచి 16వ వారంలోనే గుర్తుపట్టేవాళ్లూ ఉంటారు.

ఇక మీ రిపోర్టు సంగతి. ప్లాసెంటా అంటే మాయ. యాంటీరియర్ అంటే ఆ మాయ గర్భసంచి ముందు గోడకు, అంటే మీ పొట్ట వైపు అతుక్కుని ఉందని అర్థం. బిడ్డ ముందుకు తన్నినా ఆ తాపు మాయ మీద పడుతుంది, పైకి తెలియదు. ఇది జబ్బూ కాదు, లోపమూ కాదు. మాయ ఎక్కడో ఒకచోట అతుక్కోవాలి, మీకు ముందు అతుక్కుంది. కాకపోతే కదలిక తెలియడం కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు. మొదట పొట్ట మధ్యలో కాకుండా పక్కల, లేదా బాగా కిందికి తెలుస్తుంది. 20 వారాలకు గర్భసంచి పైభాగం బొడ్డు దాకా వస్తుంది. కాబట్టి ఇప్పుడు బొడ్డు పైన వెతుక్కోవద్దు, కింద గమనించండి.

రిపోర్టులో ఇంకొక మాట చూడండి. "లో లైయింగ్" అని కూడా ఉంటే మాయ కిందికి ఉందని అర్థం. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి అది పైకి జరిగిపోతుంది. జరిగిందో లేదో చూడటానికి 32 వారాలప్పుడు మళ్లీ స్కాన్ రాస్తారు.

24 వారాలు నిండినా ఒక్క కదలిక కూడా తెలియకపోతే అప్పుడు ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి. గుండె చప్పుడు విని, అవసరమైతే స్కాన్ చేస్తారు. మీరు ఇంకా 19లోనే ఉన్నారు, స్కాన్ కూడా బాగుంది.

సిరి_హనుమకొండ
అక్కా, చాలా థాంక్స్. రిపోర్టు మళ్లీ తీసి చూశాను. "అప్పర్ సెగ్మెంట్" అని ఉంది.

లేబర్‌రూమ్_అక్క
అంటే పైనే ఉంది. నిశ్చింతగా ఉండండి.

అనంతపురం_అమ్మ
నాకూ మాయ ముందు వైపే ఉండేది సిరీ. రాత్రి అన్నం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కుడి తొడ మొదట్లో, బాగా కిందికి, చేపపిల్ల తోకాడించినట్టు చిన్నగా ఒకసారి. కాసేపు ఏమీ లేదు. మళ్లీ అక్కడే. అది బిడ్డేనని ఆ రాత్రి అనుకోలేదు. మర్నాడు అదే వేళకు అదే చోట వచ్చేసరికి తెలిసిపోయింది.

గ్యాస్‌కీ దీనికీ తేడా చెప్తాను. గ్యాస్ ఒకచోట మొదలై పక్కకు జరిగిపోతుంది, చప్పుడు చేస్తుంది, బయటికి పోతే తగ్గిపోతుంది. బిడ్డది అలా కాదు. ఒక్కసారి తాకి ఆగుతుంది, నొప్పి ఉండదు, తిన్నదానితో సంబంధం లేకుండా వస్తుంది. పగలు పని చేసుకుంటూ తిరిగేటప్పుడు ఇంత చిన్న కదలిక పట్టుకోలేం. పడుకున్నాక ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే ఉండండి.

కొత్త_నాన్న_బెజవాడ
నాకొక సందేహం అండీ. మా ఆవిడకు 20 వారాలు. తనకు పది రోజుల నుంచి తెలుస్తోంది. తను పిలిచిన ప్రతిసారీ పరిగెత్తుకెళ్లి చెయ్యి పెడుతున్నాను, నాకేమీ తెలియడం లేదు. బయటికి ఎప్పుడు తెలుస్తుంది?

గోదావరి_కోడలు
ఇంకొంచెం ఆగాలండి. లోపల తెలియడం వేరు, పై చేతికి తెలియడం వేరు. మా ఆయనకు ఆరో నెలలో తెలిసింది. చెయ్యి నొక్కిపెట్టకుండా పరిచి ఉంచండి, వెంటనే తీసెయ్యకండి. రాత్రిపూట అయితే దొరికే వీలు ఎక్కువ.

లేబర్‌రూమ్_అక్క
అవును, చాలామందికి 24 వారాలు దాటాకే. మాయ ముందు వైపు ఉంటే ఇంకా ఆలస్యం. అయితే మీరు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండండి. ఆరో నెల నుంచి బిడ్డ బయటి శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. మీ గొంతు పుట్టకముందే పరిచయమవుతుంది.

పాలకొల్లు_అమ్మమ్మ
ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడని మనం చెప్పుకోలేదుటమ్మా! మా రోజుల్లో వారాల లెక్క ఎవరికీ తెలియదు. అయిదో నెలలో పిల్ల మెసులుతుంది అనేవారు. నాకు అయిదుగురు. ప్రతి కాన్పులోనూ పిల్ల మెసిలినట్టు తెలియగానే ముందు మా అమ్మకి కబురు పెట్టేదాన్ని. ఆవిడ ఆ రోజు దేవుడి దగ్గర ప్రత్యేకంగా దీపం పెట్టేది. స్కాన్లు లేని రోజుల్లో లోపల పిల్ల బతికి ఉందని మాకు తెలిసే దారి అదొక్కటే. సిరీ తల్లీ, మీ అత్తగారు రోజూ అడుగుతోందంటే అందుకే. ఆవిడని మీ డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి తోడు తీసుకెళ్లు. స్వయంగా గుండె చప్పుడు వింటే ఆవిడకీ ధైర్యంగా ఉంటుంది.

స్వాతి_ఖమ్మం
కుడివైపు ఎక్కువ కదిలితే బాబు, ఎడమవైపు అయితే పాప అంటారు కదా, నిజమేనా? మా ఇంట్లో అందరూ గట్టిగా నమ్ముతున్నారు.

లేబర్‌రూమ్_అక్క
నిజం కాదు స్వాతీ. చేతులు, కాళ్లు ఏ వైపు ఉంటే ఆ వైపు తెలుస్తుంది, అంతే. బిడ్డ తిరిగితే చోటు మారిపోతుంది. మాయ ఎటు ఉందన్నదాన్ని బట్టి కూడా ఆడా మగా అని చెబుతుంటారు, అదీ నిజం కాదు. పుట్టబోయేది ఎవరో చెప్పడం, అడగడం 1994 చట్టం ప్రకారం నేరం. స్కానింగ్ సెంటర్లలో బోర్డులు ఉండేది అందుకే. ఈ చర్చలో ఆ మాట వద్దని నా కోరిక. ఆడపిల్ల అని తెలిసి కడుపు తీయించుకోమని బలవంతం చేస్తే నలిగిపోయిన తల్లులను చూశాను.

లండన్_తెలుగమ్మాయి
ఇక్కడి పద్ధతి కొంచెం రాస్తాను. నేను హౌన్‌స్లోలో ఉంటాను, ఇప్పుడు 30వ వారం. ఇక్కడ కూడా 24 వారాల వరకు చూసి, అప్పటికీ ఏమీ తెలియకపోతే మిడ్‌వైఫ్‌కు (కాన్పులు చూసే నర్సుకు) ఫోన్ చేయమంటారు. ఆ తర్వాత మాత్రం గంటకు ఇన్ని అని అంకె చెప్పరు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్ల మాట ఏమిటంటే, అందరికీ వర్తించే లెక్క లేదు, మీ బిడ్డ తీరు మీరు తెలుసుకోండి, ఆ తీరు మారితే అర్ధరాత్రయినా ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు అని. మా అమ్మ మచిలీపట్నం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "గంట లెక్కపెట్టావా" అంటుంది. రెండింట్లో ఏది సరైనది అక్కా?

లేబర్‌రూమ్_అక్క
రెండూ ఒకే పని కోసం పెట్టినవే. లెక్కపెట్టే పద్ధతి కూడా మీ వైపు నుంచి వచ్చిందే. 1970ల్లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో 12 గంటల్లో 10 కదలికలు అనే పట్టిక మొదలైంది. మన దగ్గర చాలామంది డాక్టర్లు దాన్ని సులువు చేసి చెబుతారు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిన్నాక ఒక్కో గంట ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టాలి. గంటకు 3 కంటే తగ్గితే రావాలి. కొందరు రెండు గంటల్లో 10 అంటారు. మీ డాక్టర్ ఏది చెబితే అది పాటించండి.

ఇవన్నీ 28 వారాలు దాటాక. సిరి లాంటివాళ్లు ఇప్పుడు లెక్కలు పెట్టుకుంటే దిగులు తప్ప ఏమీ రాదు. 20 వారాలప్పుడు ఒక రోజు తెలిసి రెండు రోజులు తెలియకపోవడం మామూలే.

నా అనుభవంలో మన ఊళ్లలో అంకె చెప్పడమే మేలు. "మీ బిడ్డ తీరు తెలుసుకోండి" అంటే పొద్దున్నుంచి పొలంలో వంగి పని చేసే ఆడమనిషికి ఏం అర్థమవుతుంది? "తిన్నాక గంట పడుకుని చూడు, మూడు రాకపోతే వచ్చెయ్" అంటే ఆ మాట పట్టుకుని వస్తుంది. ఆ వంకన ఆమెకు గంట విశ్రాంతి కూడా దొరుకుతుంది. కానీ అంకె సరిపోయినా సరే, మనసుకు తేడా అనిపిస్తే రావాల్సిందే. ఈ మాట మాత్రం లండన్‌లో అయినా లక్సెట్టిపేటలో అయినా ఒకటే.

అనంతపురం_అమ్మ
కదలకపోతే చల్లటి నీళ్లో, తియ్యటి జ్యూసో తాగి చూడమంటారు కదా అక్కా?

లేబర్‌రూమ్_అక్క
ఆకలిగా ఉంటే తినండి, దాహమేస్తే తాగండి. కానీ జ్యూస్ తాగాక ఒక్కసారి కదిలిందని ఇంట్లోనే ఉండిపోవద్దు. అలాగే ఆన్‌లైన్‌లో దొరికే గుండె చప్పుడు మెషీన్లు కొనొద్దు. తల్లి నాడి చప్పుడే వినిపిస్తుంటే బిడ్డదనుకుని ధైర్యపడే ప్రమాదం ఉంది. ఒకవేళ బిడ్డ గుండె చప్పుడే వినిపించినా బిడ్డ బాగుందని దాన్నిబట్టి చెప్పలేం.

భాగ్య_నంద్యాల
అక్కా, ఇది చదువుతుంటే నాకు భయం వేస్తోంది. నాకు 33 వారాలు. రోజూ మధ్యాహ్నం భోజనం తర్వాత బాగా తిరుగుతుంది. ఇవాళ పొద్దున్నుంచి మొత్తం రెండుసార్లే తెలిసింది, అదీ మెల్లగా. రేపు ఎలాగూ చెకప్ ఉంది. రేపటిదాకా చూడొచ్చా?

లేబర్‌రూమ్_అక్క
వద్దు భాగ్యా. ఇప్పుడే వెళ్లండి. బిడ్డ కడుపులో నిద్రపోయినా 20 నుంచి 40 నిమిషాలు, మహా అయితే గంటన్నర. పొద్దున్నుంచి తగ్గిందంటే నిద్ర అనుకోలేం. మీ ఫైలు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసుకుని దగ్గర్లో కాన్పులు చేసే ఆసుపత్రికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. అక్కడ "కదలికలు తగ్గాయి" అని మొదటి మాటగా చెప్పండి.

గోదావరి_కోడలు
భాగ్య గారూ, బయల్దేరండి. ఇంకేం చదవకండి.

పేరు_రాయను
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. భాగ్య గారి కోసం రాస్తున్నాను. మూడేళ్ల కిందట నాకు ఎనిమిదో నెల చివర్లో కదలికలు తగ్గాయి. ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, చివరికి ఫోన్‌లో మాట్లాడిన ఒక నర్సు కూడా "నెలలు నిండుతున్నాయి కదా, లోపల చోటు చాలక తగ్గుతాయిలే" అన్నారు. రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి మా పాప గుండె ఆగిపోయింది. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. దయచేసి వెళ్లండి.

లేబర్‌రూమ్_అక్క
అమ్మా, మీకు జరిగింది చదివి నా గుండె బరువెక్కింది. ఇందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు. మీకు తేడా తెలిసింది, మీరు చెప్పారు. వినాల్సినవాళ్లు వినలేదు.

చదివే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. నెలలు నిండేకొద్దీ కదలికలు తగ్గుతాయన్నది తప్పు. 32 వారాల దాకా పెరుగుతూ వచ్చి, తర్వాత అదే స్థాయిలో కాన్పు దాకా కొనసాగాలి. తీరు మారుతుంది. తన్నడం తగ్గి పక్కకు తిరగడం, మోచేత్తో తోసినట్టు, పొట్ట ఒక పక్క గట్టిగా ఉబ్బినట్టు తెలుస్తుంది. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు కదలికలు కొంచెం తగ్గినట్టు ఉండొచ్చు. అప్పుడైనా ఆ సంగతి డాక్టర్ చూసి చెప్పాలి, మనకు మనమే అనుకోకూడదు.

లండన్_తెలుగమ్మాయి
పేరు రాయని అక్కా, మీరు రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మీ పాపను తలుచుకుంటాను.

భాగ్య_నంద్యాల
అందరికీ, ఆసుపత్రి నుంచే రాస్తున్నాను. నిన్న సాయంత్రమే వచ్చేశాం. పొట్టకు బెల్టులు కట్టి ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె కొట్టుకునే తీరును గీతగా చూపే పరీక్ష) తీశారు. మొదటి 20 నిమిషాలు గీత సరిగా రాలేదని ఇంకో 20 నిమిషాలు ఉంచారు. తర్వాత స్కాన్ చేస్తే ఉమ్మనీరు తక్కువగా ఉందని తేలింది. అడ్మిట్ చేసుకున్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. రోజూ ఎన్‌ఎస్‌టీ తీస్తామన్నారు. బిడ్డ గుండె ఇప్పుడు బాగా కొట్టుకుంటోంది. ఇవాళ్టిదాకా ఇంట్లోనే ఉండి ఉంటే ఏమయ్యేదోనని మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పేరు రాయని అక్కా, మీ మాట చదివాకే లేచి చెప్పులు వేసుకున్నాను.

పేరు_రాయను
చల్లగా ఉండమ్మా. బిడ్డ పుట్టాక ఇక్కడ ఒక్క మాట రాయి.

పాలకొల్లు_అమ్మమ్మ
నిండు నూరేళ్లు బతకాలి మీ బిడ్డ. పేరు రాయని తల్లీ, నీకూ నా ఆశీస్సులు.

సిరి_హనుమకొండ
చాలా రోజుల తర్వాత వచ్చాను. మొదట భాగ్య గారి వార్త చూసి ఊపిరి పీల్చుకున్నాను.

నాకు తెలిసింది! 22వ వారం నడుస్తోంది. అనంతపురం అమ్మ చెప్పినట్టే పొట్ట మధ్యలో కాదు, ఎడమ పక్కన, బాగా కిందికి. ఆఫీసులో మీటింగ్‌లో కూర్చుని ఉన్నాను. లోపల్నుంచి ఒకసారి టక్కున తగిలింది. ఏమీ అనుకోలేదు. ఇంకోసారి తగిలింది. మూడోసారికి మాట మధ్యలో ఆగిపోయాను. మా మేనేజర్ మేడం ఇద్దరు పిల్లల తల్లి. నా మొహం చూసి ఏమీ అడగకుండానే "వెళ్లి కాసేపు కూర్చుని రా" అన్నారు. మెట్ల దగ్గర నిలబడి మా ఆయనకు ఫోన్ చేశాను, తర్వాత మా అమ్మకు. అత్తమ్మకు మాత్రం సాయంత్రం ఇంటికెళ్లి ఎదురుగా చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తనకు పెళ్లయిన కొత్తలో ఒక బిడ్డ అయిదో నెలలో పోయిందట. మా ఆయనకు కూడా ఈ సంగతి తెలియదు. రోజూ ఎందుకు అడిగేదో అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి రోజూ తెలియడం లేదు. నిన్న అస్సలు లేదు, ఇవాళ పొద్దున రెండుసార్లు. ఇది మామూలేనని అక్క ముందే రాశారు కాబట్టి స్థిమితంగా ఉన్నాను.

అనంతపురం_అమ్మ
ఎంత మంచి మాట చెప్పావు సిరీ! ఇక నీ నిద్ర పోయినట్టే, రాత్రి పదింటికి మొదలుపెడుతుంది చూడు.

కొత్త_నాన్న_బెజవాడ
సిరి గారికి శుభాకాంక్షలు. నాకూ మొన్న చేతికి తెలిసిందండీ, 23వ వారం. నేను పాత క్రికెట్ మ్యాచ్ చూస్తూ ఊరికే చెయ్యి వేసి ఉంచాను, అప్పుడు తన్నింది. మా ఆవిడా నేనూ కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

స్వాతి_ఖమ్మం
అక్కా, నాకు 29వ వారం. పొట్టలో ఒకేచోట టకటకమని ఆగకుండా ఒకే వరసలో కొట్టుకుంటోంది, కాసేపుండి ఆగిపోతోంది. ఇది ఏమిటి?

లేబర్‌రూమ్_అక్క
ఎక్కిళ్లు స్వాతీ. బిడ్డకు లోపల ఎక్కిళ్లు వస్తాయి, భయం లేదు. కదలికల లెక్కలో మాత్రం వాటిని కలపొద్దు.

సిరి_హనుమకొండ
ఇంకొక్క ప్రశ్న అక్కా. ఏడో నెలలో సీమంతం చేసి మా అమ్మ వాళ్లు జగిత్యాల తీసుకెళ్తారు. కాన్పు అక్కడే. చూపించుకునే డాక్టర్ మారిపోతారు కదా, ఏం చూసుకోవాలి?

లేబర్‌రూమ్_అక్క
సీమంతం అయ్యాక కాన్పు దాకా ఆగకుండా, వెళ్లిన వారంలోనే అక్కడి డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి. టిఫా రిపోర్టు, రక్త పరీక్షలు, స్కాన్ ఫిల్మ్‌లు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి మీతోనే తీసుకెళ్లండి, ఎంసీపీ కార్డు కూడా. మీకు మాయ ముందు వైపు ఉందని మొదటి రోజే చెప్పండి. పేరు ఆశా కార్యకర్త దగ్గర, ఏఎన్‌ఎం దగ్గర రాయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అర్ధరాత్రి అవసరమైతే ఏ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఉంటారో ముందే కనుక్కుని, ఆ నంబర్ మీ అమ్మగారి ఫోన్‌లో కూడా పెట్టించండి. 28 నిండాక గంట లెక్క మొదలుపెట్టండి.

భాగ్య_నంద్యాల
35 వారాలకు ఆపరేషన్ చేసి తీశారు. 2 కిలోల 100 గ్రాములు. అయిదు రోజులు ఎస్‌ఎన్‌సీయూలో (పసిబిడ్డల ప్రత్యేక వార్డులో) ఉంచి నిన్న నా పక్కన పడుకోబెట్టారు. పాలు తాగుతోంది. పేరు రాయని అక్కా, మాకు పాప.